మిగిలిన పనికే వెల

2025 వేసవిలో మా నాన్న తన పికప్ అమ్మకానికి పెట్టాడు. 2014 చివర్లో ఆరు లక్షలకు కొన్న బొలెరో పికప్ అది. ఏపీ 16 నంబరు, నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటలు ఎరిగిన బండి. అమ్మాలనుకున్న వారంలోనే దానికి ఐదు ధరలు పుట్టుకొచ్చాయి. నాన్న మనసులో నాలుగున్నర లక్షలు. ఫోన్లో వివరాలు నింపితే చూపించిన అంచనా 3,40,000. ఇన్సూరెన్స్ కాగితం మీద 3,10,000. బ్రోకర్ నోట 2,60,000. ఇక ఆదాయపు పన్ను లెక్కల ప్రకారం పదిహేడు వేలు. ఐదూ ఆ ఒక్క బండి ధరలే. చెప్పినవాళ్లలో ఎవరూ అబద్ధం ఆడలేదు.

ఈ తేడా ఎక్కడినుంచి వస్తుందో తేల్చుకోవడానికి నాకు నెల రోజులు పట్టింది. పాత పికప్‌కి ఎంత అడిగితే న్యాయం అన్న ప్రశ్నకు వాడుకలో ఉన్న జవాబులన్నీ పక్కపక్కన పెట్టి, ఏది ఎంతవరకు ఆగుతుందో చూశాను. నాకు తేలిన మాట ముందే చెబుతాను. పాత సరుకు బండి ధర అంటే అది ఇకమీదట చేయగల పనికి కట్టే ధర. తక్కిన లెక్కలన్నీ ఆ పనిని పక్కదారుల్లో అంచనా వేసే ప్రయత్నాలు.

అన్నిటికంటే దూరంగా ఉన్న పదిహేడు వేలతో మొదలుపెడదాం. కిరాయికి తిప్పే లారీలు, వ్యాన్లకు ఆదాయపు పన్ను నిబంధనలు ఏటా 30 శాతం తరుగుదల ఇస్తాయి, అదీ మిగిలిన విలువ మీద. ఆరు లక్షల బండి ఐదేళ్లకు పుస్తకంలో లక్ష రూపాయలకు దిగుతుంది, పదేళ్లకు పదిహేడు వేలకు. పన్ను తగ్గించుకోవడానికి పుట్టిన ఆ అంకెతో సంతలో పనిలేదు. అయినా దాన్ని చూసి బెంగపడి తక్కువకు అమ్ముకున్నవాళ్లు నాకు తెలుసు, అందుకే ఇంత చెప్పాను.

ఇన్సూరెన్స్ అంకె మరికాస్త మర్యాదగా కనిపిస్తుంది. ఐడీవీ అని పిలిచే ఆ విలువకు ఒక పట్టిక ఉంది. ఆరు నెలల లోపు బండికి 5 శాతం తరుగు, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, ఆ తర్వాత ఏడాదికి పది చొప్పున పెరిగి ఐదేళ్ల లోపు బండికి 50 శాతం. ఐదేళ్లు దాటితే పట్టిక అక్కడితో ఆగిపోతుంది. ఆపైన కంపెనీ, యజమాని మాట్లాడుకుని ఒక విలువ ఒప్పుకోవాలి. మన దగ్గర ఆ మాట్లాడుకోవడం ఎలా జరుగుతుందో తెలిసిందే. ఏజెంటు నిరుటి అంకెలో కొంత తగ్గించి రాస్తాడు, మనం సంతకం పెడతాం. నాన్న పాలసీలోని 3,10,000 అలా వచ్చిందే. బండిని ఎవరూ వచ్చి చూడలేదు.

ధరల పుస్తకాలకు పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో లెస్ కెల్లీ అనే పాత కార్ల వ్యాపారి లాస్ ఏంజెలెస్ నుంచి 1926లో తొలి బ్లూ బుక్ వేశాడు. మన దేశంలోనూ ఇండియన్ బ్లూ బుక్, ఆరెంజ్ బుక్ వాల్యూ వంటి అంచనాలు వచ్చాయి. కార్ల విషయంలో ఇవి బాగానే ఆదుకుంటాయి. ఎందుకంటే ఒకే ఏడాది ఒకే మోడల్ కార్లు రెండింటి జీవితాలు పెద్దగా వేరుగా ఉండవు. సరుకు బళ్ల సంగతి అది కాదు. ఒక పికప్ పదేళ్లూ బ్రెడ్డు, బిస్కట్లు మోసి ఉంటుంది, దాని పక్కింటి పికప్ గ్రానైటు పలకలు మోసి ఉంటుంది. పుస్తకం రెండింటికీ ఒకే గడి చూపిస్తుంది.

ఫోన్లో కనిపించే అమ్మకపు ప్రకటనలు చూసి ధర కట్టేవాళ్లే ఇప్పుడు ఎక్కువ. వాటిలో రెండు చిక్కులున్నాయి. అక్కడున్నది అడిగిన ధరే, తెగిన ధర ఎక్కడా కనిపించదు. రెండోది అంతగా గమనించనిది. సరైన ధర పెట్టిన మంచి బండి నాలుగు రోజుల్లో వెళ్లిపోతుంది. రెండు నెలలుగా ఆ పేజీలో కూర్చున్నవి ధర ఎక్కువైనవో, లోపం ఉన్నవో. మనం ఎప్పుడు చూసినా కళ్లబడేవి ఎక్కువగా అవే. అందుకని నేను మూడు వారాల పాటు రోజూ అవే ప్రకటనలు చూసి, ఏవి మాయమవుతున్నాయో రాసుకున్నాను. మాయమైనవాటి ధరలు మిగిలినవాటి కంటే బాగా కిందే ఉన్నాయి. పాత డీజిల్ బళ్లకు ఢిల్లీలో పదేళ్ల హద్దు పెట్టాక అక్కడివి ఎన్‌ఓసీతో ఇతర రాష్ట్రాలకు చవగ్గా వచ్చాయి. వాటి ధరతో పోల్చుకునే ముందు ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్‌కి, పన్నుకి అయ్యే ఖర్చు కలుపుకోవాలి.

వాయిదాలు కట్టలేదని ఫైనాన్స్ సంస్థలు పట్టుకెళ్లిన బళ్ల వేలం మరో కొలమానం. అక్కడ పలికేది నిజంగా డబ్బు చేతులు మారిన ధర కాబట్టి విలువైన సమాచారమే. కానీ ఆ బండిని నడిపి చూసే వీలు సరిగా ఉండదు, దాని కథ చెప్పే యజమానీ ఉండడు. కొనేవాడు భయాన్ని కూడా ధరలోంచి తీసేస్తాడు. బ్రోకర్లు మనకు చెప్పే ధర ఎక్కువగా ఈ వేలం ధరకు దగ్గరగా ఉంటుంది.

ఇక నాన్న నాలుగున్నర లక్షలు. దీన్ని తేలిగ్గా తీసెయ్యలేను. ఆ బండి మీద చెల్లెలి పెళ్లయింది, నా చదువయింది. డేనియల్ కానమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో మామూలు కాఫీ కప్పులను కొందరికి ఇచ్చి, అమ్మడానికి ఎంత అడుగుతారో కనుక్కున్నారు. కప్పు చేతిలో ఉన్నవాళ్లు అడిగింది, లేనివాళ్లు ఇస్తామన్నదానికి రెట్టింపు దాకా ఉంది. కొద్దిసేపు చేతిలో ఉన్న కప్పుకే అంత మమకారం ఉంటే పదేళ్లు అన్నం పెట్టిన బండి మాటేమిటి? ఆ మమకారం నిజమైనదే. కొనేవాడు దానికి డబ్బివ్వడు, అంతే.

ఇప్పుడు అసలు లెక్కకొద్దాం. కొనడానికి వచ్చేవాడి స్థానంలో కూర్చుని వేయాల్సిన లెక్క ఇది. అంకెలు మా ప్రాంతపు కిరాయిలను బట్టి నేను వేసుకున్నవి. ఎవరి ఊరికి తగ్గట్టు వాళ్లు మార్చుకోవాలి. నెలకు ఇరవై కిరాయిలు దొరుకుతాయనుకుందాం. డీజిలు, డ్రైవరు జీతం పోను ఒక్కో కిరాయికి తొమ్మిది వందలు మిగిలితే నెలకు పద్దెనిమిది వేలు. పదేళ్ల బండికి రిపేర్లు, టైర్లు కలిపి నెలకు సగటున ఐదు వేలు తీసిపెట్టాలి. ఇన్సూరెన్స్, పన్ను, ఫిట్‌నెస్‌కి మరో రెండు వేలు. చేతికి వచ్చేది పదకొండు వేలు. మా వైపు కిరాయి బండి కొనేవాడు పెట్టిన డబ్బు రెండేళ్లలో తిరిగి రావాలని చూస్తాడు. ఇరవై నాలుగు నెలలకు 2,64,000. ఆ తర్వాత కూడా ఆ బండికి కనీసం యాభై వేలు వస్తాయి. మొత్తం 3,14,000. అంతకు మించి ఇస్తే అతనికి గిట్టదు.

ఈ లెక్కలో ఏ అంకె ఎటు కదిలితే ఏమవుతుందో చూడటంలోనే అసలు విషయం ఉంది. రిపేర్లకు ఐదు వేలు కాక ఎనిమిది వేలు పడతాయని కొనేవాడు అనుమానిస్తే నెలకు మిగిలేది ఎనిమిది వేలే. ధర 2,42,000కి పడిపోతుంది. నెలకు మూడు వేల అనుమానం అమ్మేవాడికి డెబ్బై రెండు వేల నష్టం. బ్రోకర్ 2,60,000 ఎందుకన్నాడో నాకు అప్పుడర్థమైంది. అతను మా బండిని చెడ్డదనలేదు. తెలియని బండికి ఎంత తగ్గించాలో అంత తగ్గించాడు. జార్జి అకర్లోఫ్ 1970లో పాత కార్ల సంత మీద రాసిన వ్యాసం సారమూ ఇదే. మంచి బండేదో చెడ్డదేదో కొనేవాడికి తెలియనప్పుడు అతను సగటు ధరే ఇస్తాడు. ఆ ధరకు మంచి బండి యజమాని అమ్మడు, సంతలో నాసిరకం మిగులుతుంది. ఆ ఆలోచనకు 2001లో నోబెల్ బహుమతి వచ్చింది. నూజివీడులో పికప్ అమ్మే మనిషికి దాని అర్థం ఒక్కటే: అనుమానం తీర్చగలిగితే ధర పెరుగుతుంది, రంగు వేయిస్తే పెరగదు.

కొత్త బండితో పోలిక కూడా కొనేవాడి మనసులో నడుస్తూనే ఉంటుంది. పది లక్షల కొత్త పికప్‌కి రెండు లక్షలు చేతినుంచి పెట్టి, ఎనిమిది లక్షలు 11 శాతం వడ్డీకి ఐదేళ్ల వాయిదాల మీద తీసుకుంటే నెలకు దాదాపు 17,400 కట్టాలి. పైన వేసిన పద్దెనిమిది వేల రాబడిలో అది పోతే ఇంట్లోకి ఏమీ రాదు. నెలకు ముప్ఫై కిరాయిలు ఖాయంగా ఉన్నవాడికే కొత్త బండి. సీజన్‌లోనే పని ఉన్న మామిడి రైతుకి, వారానికి మూడు రోజులు సంతకెళ్లే కూరగాయల వ్యాపారికి పాత బండే మేలు. అందుకే పాత పికప్‌లకు గిరాకీ ఎప్పుడూ చావదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి పది లక్షలున్న షోరూం ధరలో అది డెబ్బై ఎనిమిది వేల దాకా తేడా. రెండు మూడేళ్ల బండి అమ్ముకునేవాళ్లకు ఇది గట్టిగానే తగులుతుంది. పదేళ్ల బండి కొనేవాడు ఎటూ షోరూం గుమ్మం తొక్కడు కాబట్టి దాని మీద ప్రభావం తక్కువని నా అంచనా. మేం అంతకు నాలుగు నెలల ముందే అమ్మేశాం.

ఒక ఖర్చు మాత్రం బండి వయసుతో తగ్గదు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండికి 2022లో నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 16,049 రూపాయలు, జీఎస్టీ అదనం. పది లక్షల బండికీ అంతే, రెండు లక్షల బండికీ అంతే. ఫిట్‌నెస్ అయితే వయసుతో పాటు బరువెక్కుతుంది. ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి చేయిస్తే చాలు, ఆ తర్వాత ఏటా చేయించాలి. పదిహేనేళ్లు దాటినవాటికి 2022 ఏప్రిల్ నుంచి రుసుములు బాగా పెంచారు. కాబట్టి ఎనిమిదో ఏడు, పదిహేనో ఏడు ధర మెట్టు దిగే చోట్లు. ఆ గీత దాటడానికి ఆరు నెలల ముందు అమ్మినవాడికి, దాటిన నెలకు అమ్మినవాడికి చాలా తేడా ఉంటుంది.

ఫైనాన్స్ కూడా ఇలాంటి మెట్టే. అప్పిచ్చే సంస్థలు బండి వయసునీ వాయిదాల కాలాన్నీ కలిపి ఒక హద్దు చూసుకుంటాయి. పదేళ్ల బండికి ఇంకా అప్పు పుడుతుంది. రెండు లక్షలు 18 శాతం వడ్డీకి రెండేళ్లకు తీసుకుంటే నెలకు పదివేలు కట్టాలి. పై లెక్కలోని పదకొండు వేలలో అది అతికష్టం మీద ఇముడుతుంది. పదమూడేళ్లో పద్నాలుగేళ్లో వచ్చాక అప్పు దొరకడం కష్టమై, రొక్కం ఉన్నవాడే రావాలి. కొనేవాళ్లు తగ్గిపోయారు కాబట్టి ధరా పడుతుంది. బండిలో మాత్రం ఆ రోజు ఏ మార్పూ రాలేదు.

బండిని చూసే చోట మాత్రం పుస్తకాలన్నీ పక్కన పెట్టాలి. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అందరూ మొదట అడుగుతారు. అమెరికాలో రెండు కోట్ల ఇరవై లక్షల పాత కార్ల టోకు అమ్మకాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2012లో వచ్చింది. రీడింగ్ పదివేల మైళ్ల గీత దాటినప్పుడల్లా ధర ఒక్కసారిగా కిందికి జారుతోందని అందులో తేలింది. 79,900కీ 80,100కీ ఇంజిన్లో తేడా ఏముంటుంది? చూసే కన్ను ఎడమవైపు అంకె దగ్గరే ఆగిపోతుంది. మన దగ్గర రీడింగ్ తీగ ఊడదీసి నడిపిన బళ్లూ ఉన్నాయి కాబట్టి, సరుకు బండికి నేను కిలోమీటర్లకు రెండో స్థానమే ఇస్తాను.

ఏం మోసిందన్నది మొదటి ప్రశ్న. కైకలూరు, భీమవరం వైపు చేపలు, రొయ్యలు మోసిన బండి కిందకు దూరి చూడండి. ఐసు కరిగిన ఉప్పునీళ్లు ఏళ్ల తరబడి కారి ఛాసిస్‌ని తినేసి ఉంటాయి. పైన రంగు నిగనిగలాడుతుంది. ఇసుక, ఇటుక, సిమెంటు మోసిన బండికి వెనక కమాన్ కట్టల్లో అదనంగా పట్టీలు వేయించి ఉంటారు. అమ్మేవాళ్లు దాన్ని గొప్పగా చెబుతారు, "ఎక్స్‌ట్రా పట్టీ కూడా వేయించామండీ" అని. తెలిసినవాడు దాన్ని ఓవర్‌లోడుకి సాక్ష్యంగా చదువుకుంటాడు. కమాన్లు ఛాసిస్‌కి తగిలే చోట వెల్డింగ్ మచ్చ ఉంటే ఆ బండికి నేనైతే పాతిక వేల పైనే తగ్గిస్తాను. మా బండి ఏడాదిలో మూడు నెలలు మామిడికాయలు, తక్కిన కాలం కూరగాయలు, అప్పుడప్పుడు ఇంటి సామాను మోసింది. ఆ మాట మేం ప్రకటనలో మొదటి వాక్యంగా పెట్టాం.

ఇంజిన్‌ని చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూపించాలి. కొనేవాడు వచ్చేసరికి వేడి చేసి ఉంచితే అనుభవం ఉన్నవాడు బానెట్ మీద చెయ్యి వేసి వెనక్కి తిరుగుతాడు. పొగ నీలంగా వస్తే ఆయిల్ కాలుతోందని, నల్లగా ఆగకుండా వస్తే ఇంజెక్టర్ల దగ్గరో గాలి వెళ్లే దారిలోనో తేడా ఉందని చూసుకోవచ్చు. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనదని. అరుగుదల కనిపించకపోయినా ఆరేళ్ల టైరుకి కొత్త టైరు విలువ కట్టమనకూడదు. ఇంజిన్ పనికి అరవై వేలు పెట్టాం కాబట్టి అరవై వేలు ఎక్కువ అడుగుతామనడమూ చెల్లదు. ఆ పని చేయించకపోతే బండి కదిలేది కాదు. అందులో సగమైనా ధరలోకి వస్తే అదృష్టం. బిల్లు ఉంటేనే ఆ సగం కూడా. బీఎస్-6కి ముందు తరం ఇంజిన్ కావడం మాత్రం మాకు కలిసొచ్చింది. సెన్సార్లతో నిండిన కొత్త బళ్లను కంపెనీ షెడ్డుకి తోలుకెళ్లాలి, దీన్ని ఊరి మెకానిక్ చెట్టుకింద విప్పి బిగిస్తాడు.

కాగితాల విషయంలో సి-బుక్కులో ఒక గడి తప్పకుండా చూడాలి. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదని మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ చెబుతోంది. ఒకే పేరుతో తిరిగే పికప్‌లలో కొన్ని ఆ గీతకు ఇటు, కొన్ని అటు ఉంటాయి. అటున్నదానికి ఏటా ఖర్చు ఎక్కువ. ఫైనాన్స్ తీరిపోయినా సి-బుక్కులో ఆ సంస్థ పేరు కొట్టేయించకపోతే, అది ఫారం 35తో తీరే చిన్న పనే అయినా, కొనేవాడు ఇరవై వేలు తగ్గించమంటాడు. పాత చలాన్లు, గడువు దగ్గరపడ్డ ఫిట్‌నెస్ కూడా అంతే. మేం అమ్మకానికి పెట్టే ముందే ఫిట్‌నెస్ చేయించి, చలాన్లు కట్టేశాం. రంగుకీ, సీటు కవర్లకీ ఒక్క రూపాయి పెట్టలేదు.

పేరు మార్పిడి గురించి గట్టిగా చెప్పాలి, మాకు దెబ్బ తగిలింది కాబట్టి. దీనికి ముందున్న చిన్న బండిని 2012లో సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలతో ఒక మధ్యవర్తికి ఇచ్చేశాం. బండి చేతులు మారుతూ పోయింది, పేరు నాన్నదే ఉండిపోయింది. రెండేళ్ల తర్వాత యాక్సిడెంటు కేసులో నోటీసు మా ఇంటికొచ్చింది. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే వాళ్లే యజమాని అని, పరిహారానికి బాధ్యత వాళ్లదేనని నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ చిన్న బండికి బ్రోకర్ ఎనిమిది వేలు ఎక్కువిచ్చాడని సంబరపడ్డాం. న్యాయవాదికి అంతకు నాలుగు రెట్లు పోసుకున్నాం. పేరు వెంటనే మార్చుకోని వాడు ఎంత ఎక్కువిస్తానన్నా అది తక్కువ ధరే.

కింది హద్దు ఎక్కడుందో కూడా తెలుసుకోవాలి. 2021లో వచ్చిన తుక్కు విధానం ప్రకారం రిజిస్టర్డ్ కేంద్రంలో ఇస్తే కొత్త బండి షోరూం ధరలో 4 నుంచి 6 శాతం దాకా వస్తుందని చెప్పారు. పది లక్షలకు లెక్కేస్తే నలభై నుంచి అరవై వేలు. నా లెక్కలో చివర కలిపిన యాభై వేలు అక్కడినుంచి తీసుకున్నవే. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిను, గేరుబాక్సు, టైర్లు విడివిడిగా అమ్మగలిగితే ఇంకాస్త పైకి పోవచ్చు.

కాలం కూడా ధరే. ఆషాఢంలో బండి అడిగేవాడు రాడు. దసరాకు కొత్తవి కొన్నవాళ్లు ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చిన పాతవి తర్వాత నెలల్లో డీలర్ల దగ్గర పోగవుతాయి. మిర్చి యార్డుకి సరుకు కదిలే ముందు గుంటూరు వైపు, మామిడి కోత ముందు మా వైపు కొనేవాళ్లు తొందరలో ఉంటారు. మేం మార్చి చివర్లోనే పెట్టాల్సింది. కాగితాలు సరిచేసుకునేసరికి మే వచ్చింది.

ప్రకటనలో అడగడానికి చివరికి నాన్న ఒప్పుకున్న అంకె 3,25,000. గిట్టుబాటు లెక్క 3,14,000 చెబుతోంది. బేరానికి మరీ ఎక్కువ చోటు వదిలితే, ప్రకటన చూసి ఫోన్ చేయాల్సినవాడే చేయడు. అసలు చోటే లేకపోతే వచ్చినవాడు తన మాటకు విలువ ఇవ్వలేదని నొచ్చుకుంటాడు. రెండు మూడు శాతం నుంచి ఐదు దాకా ఉంచుకోవడం సబబని నాకనిపించింది. నాన్న మూడు లక్షల కిందికి రానని ముందే నాతో అన్నాడు, ఆ మాట ఇంకెవరికీ చెప్పలేదు.

తొమ్మిది మంది ఫోన్ చేశారు, నలుగురు వచ్చారు. తిరువూరు నుంచి వచ్చిన కుర్రాడు కారు లైసెన్సు మీద పికప్ నడపొచ్చా అని సందేహపడ్డాడు. 7,500 కిలోల లోపు రవాణా బండిని ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చిందని చెప్పాక కుదుటపడ్డాడు. బండి కిందకు దూరి చూశాడు, పొద్దున్నే వచ్చి చల్లని ఇంజిన్ స్టార్ట్ చేశాడు.

"బాబాయ్, దాచకుండా చెప్పు. దీనికి ముందు ముందు ఏం పని పడుద్ది?"

"క్లచ్ ప్లేటు ఆర్నెల్లలో మార్చాలి అబ్బాయ్. వెనక ఎడమ టైరు వానాకాలం దాకా ఆగదు. ఇంజిన్ పని రెండేళ్ల కిందట చేయించా, బిల్లిదిగో."

క్లచ్‌కీ టైరుకీ కలిపి కుర్రాడు ఇరవై వేలు తగ్గించమన్నాడు. నాన్న కాగితం మీద లెక్క రాసి చూపించాడు. 3,05,000 దగ్గర తెగింది. పేరు మార్పిడి అయ్యేదాకా అదనంగా పదివేలు తన దగ్గర ఉంచమని, కాగానే తిరిగిస్తానని నాన్న అడిగితే కుర్రాడు కాసేపు ఆలోచించి సరేనన్నాడు. ఫారం 29, 30 మీద ఇద్దరూ అన్ని గడులూ నింపాకే సంతకాలు పెట్టారు. అమ్మకం సంగతి తెలియజేయడానికి చట్టం అమ్మినవాడికి పద్నాలుగు రోజులిస్తుంది. పదకొండో రోజు పేరు మారిందని నాన్న ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మర్నాడు పొద్దున్న ఆయన పదివేలూ జేబులో పెట్టుకుని, షెడ్డులో ఉండిపోయిన టార్పాలిన్ పట్టా చుట్టి భుజాన వేసుకుని తిరువూరు బస్సెక్కాడు.